ఏడు గిన్నెల మెనూ

మా ఆయన ముప్పై ఏళ్లుగా మెనూలు తయారుచేస్తున్నారు. ఒక్కదాంట్లోనూ తినడానికి ఏమీ ఉండదు.

కంప్యూటర్ తెర మీద పైన ఒక పట్టీ ఉంటుంది కదా, ఫైల్, ఎడిట్, వ్యూ అంటూ. నొక్కితే కిందికి ఒక జాబితా జారుతుంది. ఆ జాబితాలో ఏ మాట ఎక్కడ ఉండాలి, ఏది దేని పక్కన ఉండకూడదు అని నిర్ణయించడమే నరహరిగారి ఉద్యోగం. 'భద్రపరచు'కీ 'తుడిచేయి'కీ మధ్య ఒక గీత ఉండి తీరాలని పట్టుబట్టి, ఒకసారి పై అధికారితో ఆరు నెలలు మాటలు మానేశారు. నాతో మానేయడానికి ఆపాటి కారణం కూడా ఎప్పుడూ అవసరం పడలేదు.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి, నా పోపులపెట్టె ముందు ఆగిపోయారు.

"ఆవాలు మధ్య గిన్నెలో ఎందుకు పెట్టావు?"

"చెయ్యి ముందు అక్కడికే వెళ్తుంది కాబట్టి."

"మెంతులూ శనగపప్పూ పక్కపక్కన ఉండొచ్చుగా?"

"రెండూ పచ్చగానే ఉంటాయి. పరధ్యానంలో దానికి బదులు ఇది గుప్పెడు పడిందంటే ఆ పూట కూర చేదు."

"వాము ఏదీ?"

"వెనక అలమరలో, డబ్బాలో ఉంది. రోజూ అక్కర్లేదుగా."

"అక్కర్లేనిది ఇంట్లో ఎందుకు మరి?"

"మీకు కడుపునొప్పి వచ్చిన రోజున బజారుకి పరిగెత్తలేక."

ఆయన నవ్వారు. మంచినీళ్లు తాగడం మరిచిపోయి వెళ్లిపోయారు. నాలుగు నెలల తర్వాత బెంగళూరులో ఏదో సభలో 'ఏడు గిన్నెల సూత్రం' అని ఒక వ్యాసం చదివారు. మెనూలో ఏడు అంశాలకు మించకూడదు, తరచుగా వాడేది చేతికి దగ్గరగా ఉండాలి, పొరబడే అవకాశమున్నవి దూరదూరంగా ఉండాలి. చప్పట్లు బాగా కొట్టారట. వాము సంగతి అందులో లేదు. నా పేరూ లేదు. ఇద్దరం వెనక డబ్బాలోనే ఉండిపోయాం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఆయనకొక నియమం ఉండేది. పనిచేయని అంశాన్ని మెనూలోంచి తీసేయకూడదు, బూడిదరంగులో అక్కడే ఉంచాలి అనేవారు. "ఇప్పుడు కుదరకపోయినా అది ఉందని మనిషికి తెలియాలి వకుళా. నిన్న ఉన్న తలుపు ఇవాళ గోడ అయిపోతే మనిషి తననే అనుమానించుకుంటాడు." నేను బీఎస్సీ కెమిస్ట్రీ సెకండ్ క్లాసులో పాసై వంటింట్లో స్థిరపడినదాన్ని. బూడిదరంగులో అక్కడే ఉండటమంటే ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు.

మా వదిన మాణిక్యాంబ, అంటే నరహరిగారి అక్క, అనకాపల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్లు ఆపరేటరుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి "లైను దొరకలేదు" అనేది. ఊళ్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో అంతా ఆవిడకి తెలుసు. ఒక్క ముక్క బయటికి పొక్కనిచ్చేది కాదు. రిటైరయ్యాక విశాఖపట్నం వచ్చి మాతోనే ఉంది. మా ఇద్దరికీ రోజూ మాటల యుద్ధమే. నా కాఫీని ఆవిడ "కషాయం" అనేది. ఆవిడ ముగ్గుని నేను "ట్రంకు కాల్ బిల్లు" అనేదాన్ని. అంత సుఖంగా ఉండేవాళ్లం.

అరవై మూడో ఏట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. బుద్ధి మాత్రం చెక్కు చెదరలేదు. మనం అన్నది అంతా అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది లోపలే తిరుగుతుంటుంది. నెల రోజులు ఆవిడ మా అందరినీ చూస్తూ పడుకుంది. ఆ చూపు తట్టుకోలేక నేను వేళకాని వేళలో అలమరలు సర్దేదాన్ని.

నరహరిగారు అప్పటికి వాగ్ధార ల్యాబ్స్‌లో పనిచేస్తున్నారు. వాళ్లు తలకి చుట్టుకునే ఒక పట్టీ తయారుచేశారు. మనిషి ఒక మాట అనబోయే ముందు మెదడులో సన్నగా విద్యుత్తు కదులుతుందట. పట్టీ దాన్ని పసిగట్టి కంప్యూటరుకి చెబుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఒకేసారి ఏడు ఉద్దేశాలకు మించి అది విడదీసి చూడలేదు. అందుకని తెర మీద ఏడు మాటలుంటాయి. మనిషి వాటిలో ఒకదాన్ని గట్టిగా అనుకుంటే ఆ మాట వెలిగి, పెట్టెలోంచి గొంతు వినిపిస్తుంది. ఏడింటితో బతుకంతా వెళ్లాలి. అంటే మెనూ సరిగ్గా కుదరాలి. అంటే మా ఆయన కావాలి.

మొదటి ప్రయోగానికి ఆయన తన అక్కనే తీసుకున్నారు. హాల్లో సోఫా జరిపి కంప్యూటరు పెట్టాం. తెర మీద ఏడు మాటలు గుండ్రంగా, పోపు గిన్నెల్లా: నీళ్లు, ఆకలి, నొప్పి, పిలువు, అవును, వద్దు, ఇంకా. ఆ చివరిది తలుపులాంటిది. దాన్ని అనుకుంటే లోపల మరో ఏడు, అందులో మళ్లీ 'ఇంకా', దాని లోపల అక్షరాలు.

వదిన కళ్లు మూసుకుంది. నుదుటి మీద నరం ఉబ్బింది. 'అవును' వెలుగుతుందనీ, ల్యాబు వాళ్లు వీడియో తీసుకుంటారనీ మా ఆయన ఎదురుచూస్తున్నారు. ఆవిడ 'ఇంకా' తెరిచింది. మళ్లీ తెరిచింది. ఇరవై నిమిషాల పాటు ఒక్కొక్క అక్షరమే ఏరింది. పెట్టె పలికింది:

"కాఫీ కషాయం."

నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే, "ఇంత ఖర్చుపెట్టి గొంతు తెప్పిస్తే మొట్టమొదట నా మీదేనా, వదినా?" అన్నాను. ఆవిడ ఎడమచేత్తో నా నెత్తిన ఒక్కటి వేసింది.

ఆ తర్వాత ఆర్నెల్లు బాగానే గడిచాయి. మెనూ తనంతట తను నేర్చుకునేది. వదిన ఎక్కువగా ఎంచుకునే మాట దగ్గరికి జరిగేది, వాడనిది లోపలికి పోయేది. 'టీవీ పెట్టు' పైకొచ్చింది. 'వకుళా' అన్న నా పేరు 'పిలువు' స్థానంలోకి వచ్చింది. అది చూసి నాకు కాస్త గర్వం వేసిన మాట నిజం.

ఇక భోజనాల దగ్గర మామూలే. మన ఇళ్లలో వడ్డన ఎలా ఉంటుందో తెలిసిందేగా. గరిటె కంచం దగ్గరికి వెళ్లగానే అవతలివాళ్లు వద్దనాలి. వద్దన్నాక మనం వేయాలి. వేశాక వాళ్లు తినాలి. వద్దనకుండా తినేస్తే ఆబగా తిన్నట్టు, వద్దంటే ఆగిపోతే పెట్టడం ఇష్టంలేనట్టు. వదిన ఈ విషయంలో మహా మర్యాదస్థురాలు. నేను పప్పు తీసుకెళితే పెట్టె "వద్దు" అనేది. నేను వేసేదాన్ని. ఆవిడ తినేది. పెరుగు తీసుకెళితే "వద్దు." వేసేదాన్ని. తినేది. నిజంగా చాలనుకున్నప్పుడు మాత్రం ఆవిడ తెర వైపు చూసేదే కాదు. ఎడమచెయ్యి తీసి కంచం మీద పరిచేది. అంతే, నా గరిటె ఆగిపోయేది. ఆ చేతితో వాదించకూడదని నాకు తెలుసు.

పట్టీకి చెయ్యి కనపడదు. అది తలకి ఉంటుంది. దవడ కదిలితే మాత్రం దానికి తెలుస్తుంది.

ఒకరోజు పొద్దున వదినకి పట్టీ కడుతూ చూశాను. తెర మీద 'వద్దు' లేదు. ఆ స్థానంలో 'బాగుంది' అని ఉంది.

"ఏవండీ, ఇదేమిటీ?"

ఆయన బూట్లు తొడుక్కుంటూ చూశారు. "లోపలికి జరిగి ఉంటుంది. 'ఇంకా'లో ఉంటుందిలే."

ఉంది. వదిన వెతికి పట్టుకుంది కూడా. పట్టుకున్నాక నా వైపు చూసి పెదవి విరిచింది. ఎక్స్ఛేంజిలో తన కుర్చీని ఎవరో పక్కగదిలోకి జరిపినట్టు.

ఆ నెలలోనే ల్యాబు వాళ్లు రెండో అడుగు వేద్దామన్నారు. పట్టీ బదులు తలలోనే, పుర్రెకి చిన్న రంధ్రం చేసి, వెంట్రుకలాంటి తీగ అమర్చుతారట. అప్పుడు మాట ఇరవై రెట్లు వేగంగా వస్తుంది. మనిషి అనుకోవడం పూర్తికాక ముందే మెనూ ఊహించి పలికేస్తుంది. దేశంలో మొదటి మనిషి మాణిక్యాంబే అవుతుంది. ఒకసారి పెట్టాక తీయడం కుదరదు.

మా ఆయన ఈ మాట భోజనాల దగ్గర చెప్పి ఆఫీసుకి వెళ్లిపోయారు. వదిన నన్ను కళ్లతో పిలిచింది. తెర ముందు కూర్చుంది. నలభై నిమిషాలు. పప్పు మాడు వాసన వస్తున్నా నేను లేవలేదు. పెట్టె ముక్కలు ముక్కలుగా పలికింది:

"తలలో వద్దు. పట్టీ అయితే తీసేయొచ్చు."

ఆ పైన ఇంకో మాట కూడగట్టింది.

"ప్లగ్గు నా చేతిలో ఉండాలి."

ముప్పై నాలుగేళ్లు ప్లగ్గులు పెట్టి, పీకి, ఊరి మాటలు కలిపి విడదీసిన మనిషి. ఎప్పుడు మాట్లాడాలో కాదు, ఎప్పుడు మానాలో తన చేతిలో ఉండాలంటోంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆవిడ పట్టీ విప్పించుకుని గంటసేపు ఊరికే కిటికీలోంచి చూసేది. ఆ గంటలో నేనూ మాట్లాడేదాన్ని కాదు. మా ఇద్దరికీ అంతకంటే మంచి కబుర్లు మరెప్పుడూ లేవు.

సాయంత్రం ఆయనకి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

"భయం. అంతే," అన్నారు. "మొన్న పెసరట్టు నాలుగుసార్లు వద్దంది. తర్వాత తినలేదూ?"

"పెసరట్టూ పుర్రె ఒకటేనా?"

"అక్క స్వభావం చెబుతున్నా. మొదట వద్దనడం తనకి అలవాటు. నువ్వే చూస్తున్నావుగా రోజూ."

రోజూ చూస్తున్నది నేనే. రోజూ వేస్తున్నదీ నేనే.

మరుసటి వారం 'ఇంకా' తెరిస్తే అందులోనూ 'వద్దు' లేదు. దాని లోపలి 'ఇంకా'లో అక్షరాలూ లేవు. ఒక్క వాక్యానికి నలభై నిమిషాలు పట్టింది కాబట్టి అది మనిషిని హింసించే దారి అని మెనూ తేల్చుకుని, దయతలచి మూసేసిందట.

ఆ మధ్యాహ్నం వదిన 'ఇంకా' తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి కుడిచేతి వైపు చూసుకుంది. తప్పు దానిదేమో అన్నట్టు. నిన్న ఉన్న తలుపు ఇవాళ గోడ అయిపోతే మనిషి ఎవరిని అనుమానించుకుంటాడో మా ఆయన ఎప్పుడో చెప్పారు.

ఆయన ఆఫీసు నుంచి రాగానే పట్టుబట్టి లెక్కల చిట్టా తెరిపించాను. ఆయన చదివారు. 'వద్దు' ఎంచుకున్నది నాలుగు వందల పన్నెండు సార్లు. ఆ తర్వాత, వద్దన్నదాన్నే ఆవిడ నోట్లో పెట్టుకుని నమిలింది నాలుగు వందల తొమ్మిది సార్లు. పక్కన ఎర్రగా ఒక వ్యాఖ్య: ఫలితం లేని అంశం.

"చూశావా? అది తప్పేమీ చేయలేదు," అన్నారు. ఆ గొంతులో నిజంగా మెచ్చుకోలు ఉంది. "మనుషులు ఏమన్నారన్నది కాదు, ఏం చేశారన్నది చూడాలి. మెనూ సూత్రమే అది."

"చేసింది నేనండీ. నా గరిటె చేసింది. నన్నడిగితే చెప్పేదాన్నిగా, ఆవిడ వద్దన్నప్పుడు వద్దని కాదనీ, చెయ్యి పెట్టినప్పుడే వద్దనీ!"

"చెయ్యి డేటా మన దగ్గర లేదు వకుళా."

"అయితే ఆ మాట తిరిగి పెట్టండి. బూడిదరంగులోనైనా పెట్టండి. అది మీ నియమమే కదా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

"ప్రయోగం మధ్యలో చేత్తో మార్చామంటే మొత్తం రద్దయిపోతుంది. ఆరేళ్ల పని. శస్త్రచికిత్సకి అనుమతిచ్చే కమిటీ పది రోజుల్లో ఉంది. తర్వాతి వెర్షన్లో పెడతాను."

తర్వాతి వెర్షన్ మాణిక్యాంబకి ఎక్కడ నుంచి వస్తుందని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

కమిటీ ల్యాబులోనే కూర్చుంది. అధ్యక్షుడు డాక్టర్ సుదర్శనరావు, మెత్తని మనిషి, మాటకి ముందూ వెనకా 'అమ్మా' అనే రకం. మా వదినకి జరీ అంచు నేతచీర కట్టి తీసుకెళ్లాను. ఆవిడ ముందు తెర, పక్కన చక్రాల కుర్చీ పట్టుకుని నేను, ఎదురుగా ఐదుగురు.

"అమ్మా, మీ తమ్ముడి మాట మాకక్కర్లేదు, మీ మరదలి మాట అక్కర్లేదు. మీ మాటే కావాలి," అన్నాడు డాక్టర్. ఎంత న్యాయంగా ఉందో! "ఈ శస్త్రచికిత్స మీకు సమ్మతమేనా అమ్మా?"

తెర మీద ఏడు మాటలు: అవును, బాగుంది, వకుళా, నీళ్లు, తర్వాత, టీవీ పెట్టు, ఇంకా.

వదిన 'ఇంకా' తెరిచింది. వెనక్కి వచ్చింది. మళ్లీ తెరిచింది. నేను లెక్కపెట్టాను, పంతొమ్మిది సార్లు. ప్రతిసారీ పెట్టె మృదువుగా "ఇంకా" అంటోంది. ఇంకా. ఇంకా.

"చాలా ఆసక్తిగా ఉన్నారు," అంది కమిటీలో ఒకావిడ, రాసుకుంటూ.

వదిన 'వకుళా' ఎంచుకుంది. పెట్టె నా పేరు పిలిచింది. వంగి చూశాను. ఆవిడ ఎడమచెయ్యి మెల్లగా లేచి, ముందున్న బల్ల మీద బోర్లా పడింది. వేళ్లు చాచి, అరచెయ్యి పూర్తిగా పరిచింది.

"ఆవిడ వద్దంటోంది," అన్నాను.

ఐదుగురూ తలెత్తారు. డాక్టర్ ఓపికగా అడిగాడు. "ఎలా తెలుసమ్మా మీకు?"

"చెయ్యి చూడండి. అన్నం ఇక చాలన్నప్పుడు కంచం మీద అలాగే పెడుతుంది."

"ఇక్కడ కంచం లేదు కదమ్మా."

ఎవరో చిన్నగా నవ్వారు. డాక్టర్ నవ్వలేదు, పాపం. ఆ చెయ్యి చూసి నిజంగా సంతోషపడ్డాడు. "ఎడమ వైపు కదలిక ఎంత స్థిరంగా ఉందో చూశారా? చాలా మంచి లక్షణం."

"వద్దండీ," అన్నాను మళ్లీ, ఈసారి మా ఆయన వైపు తిరిగి. "వద్దు. నేను చెబుతున్నాను, వద్దు."

నరహరిగారు కమిటీ వైపు చూసి, ఇంటికొచ్చిన చుట్టాలతో అన్నట్టు అన్నారు.

"మా ఆవిడ ముందు అలాగే అంటుంది లెండి."

నాలుగు వందల తొమ్మిది సార్లు నేను చేసింది నాకొక్కసారే తిరిగొచ్చింది.

ఎంపిక మూడు నిమిషాలు తేలకపోతే మెనూ తానే సాయం చేస్తుంది. ఎక్కువగా వాడిన మాటని వెలిగించి, మనిషి వేరేది ఎంచుకోకపోతే దాన్నే పలికేస్తుంది. 'అవును' వెలిగింది. వదిన కళ్లు గట్టిగా మూసుకుంది. అలిసిపోయి మూసుకుందో, ఏమీ అనుకోకుండా ఉండాలని మూసుకుందో. ఏమీ అనుకోకపోవడానికి ఆ మెనూలో చోటు లేదు.

"అవును," అంది పెట్టె.

చప్పట్లు కొట్టారు. చెయ్యి ఎలాగూ బల్ల మీద పరిచే ఉంది కాబట్టి, దాని బొటనవేలికి సిరా అద్ది కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. తెలుగు, ఇంగ్లీషు, హిందీ మూడింటిలోనూ సంతకం పెట్టగల మనిషి. ఆ తర్వాత కాఫీలిచ్చారు. నేను వద్దన్నాను. కప్పు చేతిలో పెట్టారు.

శస్త్రచికిత్స విజయవంతమైంది. పేపర్లో ఫొటో వేశారు. ఎడమచెయ్యి మాత్రం పడిపోయింది. నూటికి ఇద్దరికి అలా జరగవచ్చని కాగితం నాలుగో పేజీలో ఉందట.

ఇప్పుడు మా వదిన గలగలా మాట్లాడుతుంది. పొద్దున లేవగానే "శుభోదయం వకుళా, కాఫీ చాలా బాగుంది" అంటుంది. నేనింకా పొయ్యి వెలిగించకముందే. మధ్యాహ్నం రెండింటికి కిటికీ దగ్గర కూర్చోబెడితే గంటసేపూ "బాగుంది, బాగుంది" అంటూనే ఉంటుంది. తల్లో తీగకి ప్లగ్గు లేదు. మా ఆయన కొన్నాళ్లు వింటూ ఉప్పొంగారు. తర్వాత ఆ గంట మేడమీదికి వెళ్లడం మొదలుపెట్టారు.

మొన్న ఆదివారం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వదినకి నేనే కలిపి నోటికి అందిస్తాను. ముక్కల పులుసు వేశాను.

"ఇంకొంచెం," అంది వదిన గొంతు. తియ్యగా.

వేశాను. "ఇంకొంచెం." వేశాను. కంచం అంచు దాకా వచ్చింది. ఆవిడ దవడ ఆగిపోయింది. కళ్లు నావైపు తిరిగాయి. ఆ నెల రోజుల చూపే అది, మాట పోయిన కొత్తలోది. ఎడమ భుజం ఒక్క అరంగుళం లేవబోయి ఆగింది.

"ఇంకొంచెం."

గరిటె గిన్నెలో పడేశాను. నా ఎడమచెయ్యి తీసి ఆవిడ కంచం మీద పరిచాను.

"అడుగుతోందిగా, వడ్డించు," అన్నారు మా ఆయన.

నేను కదల్లేదు. ఆయన ముందుకి వంగారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి గరిటె తన చేతికి తీసుకున్నారు. పులుసు ముంచి కంచం మీదికి తెచ్చారు. అక్కడ కంచం లేదు, నా చెయ్యి ఉంది. వేళ్లు చాచి, అరచెయ్యి బోర్లా.

ఆయన నా చేతిని చూశారు. చాలాసేపు చూశారు. ఏదో బల్ల, ఏదో కాగితం ఆయనకి గుర్తొస్తున్నట్టు ముఖం మెల్లగా పాలిపోయింది. గరిటె గాలిలోనే ఆగిపోయింది. దాని అంచు నుంచి వేడి పులుసు ఒక్కొక్క చుక్కే నా వేళ్ల మీద పడుతోంది. నేను చెయ్యి తీయలేదు.

"ఇంకొంచెం," అంది గొంతు. "బాగుంది. ఇంకొంచెం."